ఇల్లు ఖాళీ చేస్తే సామాను ఎక్కడికి చేరుతుంది?

న్యూఢిల్లీ: సరోజినీ నగర్ అనగానే చాలామందికి గుర్తుకు వచ్చేది చౌకగా దుస్తులు దొరికే బజారు. హైదరాబాద్‌లో జన్మించిన సరోజినీ నాయుడు పేరుతో ఉన్న ఈ దక్షిణ ఢిల్లీ ప్రాంతం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల నివాస కాలనీ కూడా. దేశం నలుమూలల నుంచి వచ్చిన ఉద్యోగులు ఇక్కడి క్వార్టర్లలో కొన్నేళ్లు కాపురముండి, బదిలీ అయినప్పుడో పదవీ విరమణ చేసినప్పుడో ఖాళీ చేసి వెళ్లడం దశాబ్దాలుగా సాగుతున్నదే. వెంట తీసుకెళ్లలేని మంచం, పాడైన టీవీ, బట్టల మూటలు, పాత పుస్తకాలు ఆ తరువాత ఏమవుతాయి? కొన్నేళ్ల క్రితం ఆ క్వార్టర్లనే కూల్చి కొత్తవి కట్టడం మొదలుపెట్టడంతో ఈ ప్రశ్న సామానుకే కాక ఇటుకలకూ వర్తించింది.

కాలనీయే ఖాళీ అయినప్పుడు

ఢిల్లీలోని ఏడు ప్రభుత్వ నివాస కాలనీల పునరభివృద్ధికి కేంద్ర మంత్రివర్గం 2016 జులైలో ఆమోదం తెలిపింది. 12,970 పాత ఇళ్ల స్థానంలో సుమారు 25,667 కొత్త ఇళ్లు నిర్మించాలన్నది ఆ ప్రణాళిక. సరోజినీ నగర్, నేతాజీ నగర్, నౌరోజీ నగర్ పనులను ఎన్‌బీసీసీకి, మిగిలిన నాలుగు కాలనీలను కేంద్ర ప్రజా పనుల శాఖకు అప్పగించారు. సరోజినీ నగర్‌లో 28 టవర్లలో నిర్మించిన 2,500కు పైగా టైప్-2 క్వార్టర్లను ప్రధానమంత్రి 2025 జనవరి 3న ప్రారంభించారు.

ఇంత పెద్ద ఎత్తున ఇళ్లు కూల్చినప్పుడు శిథిలాలు కొండలా పేరుకుపోతాయి. కూల్చివేత గుత్తేదారులు తలుపులు, కిటికీలు, ఇనుప చువ్వలను ముందుగానే తీసి అమ్ముకోవడం దేశమంతటా ఉన్న పద్ధతే. మిగిలిన కాంక్రీటు, ఇటుకలను యంత్రాల్లో నలగ్గొట్టి, కడిగి, జల్లించి కంకరగా, ఇసుకగా మార్చవచ్చు. వాటితో కాలిబాటలకు పరిచే పలకలు, రోడ్డు అంచు రాళ్లు, గోడ దిమ్మెలు తయారవుతాయి. ఇటువంటి కర్మాగారం ఉత్తర ఢిల్లీలోని బురాడీలో 2009లోనే మొదలైంది.

అయితే మట్టి, చెక్క, ప్లాస్టిక్ కలిసిపోయిన శిథిలాల నుంచి మంచి కంకర రాదు. అందుకే 2016 నాటి నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిబంధనలు పెద్ద ఎత్తున శిథిలాలను వెలువరించేవారు వాటిని కాంక్రీటు, మట్టి, ఉక్కు, చెక్క, ప్లాస్టిక్, ఇటుకలు, సున్నం అనే నాలుగు రకాలుగా విడదీయాలని నిర్దేశించాయి. 2025లో జారీ అయిన కొత్త నిబంధనలకు 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా నిర్ణయించారు. 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మిత విస్తీర్ణం గల ప్రాజెక్టుల్లో వ్యర్థాల పునర్వినియోగ బాధ్యతను ఇవి ఉత్పత్తిదారుపైనే ఉంచాయి.

పాత సామాను ప్రయాణం

ఇంటి సామాను విషయంలో ఇదే విభజనను ఏ నిబంధనా రాకముందు నుంచే చేస్తున్నవారు ఉన్నారు. ఢిల్లీ వీధుల్లో సైకిలు బండిపై తిరిగే కబాడీవాలాలు, తెలుగు ఊళ్లలో పాత ఇనుప సామాన్లు కొంటామని కేక వేసేవారు చేసేది అదే పని. కాగితం, ఇనుము, రాగి, ప్లాస్టిక్, గాజు దేనికది వేరవుతాయి. చిన్న వర్తకుడి నుంచి పెద్ద వర్తకుడికి, అక్కడి నుంచి కర్మాగారానికి చేరుతాయి. ప్రతి మెట్టులోనూ ఎవరో ఒకరికి కూలి గిట్టుతుంది.

ఢిల్లీలో ఒక్కో సరుకుకు ఒక్కో బజారు ఉంది. పాత ఫర్నిచర్‌కు అమర్ కాలనీ, వాహనాల తుక్కుకు మాయాపురి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలకు సీలంపూర్ పేరొందాయి. పాత బట్టలకు స్టీలు గిన్నెలు ఇచ్చే పద్ధతి తెలుగువారికి కొత్త కాదు. ఢిల్లీలోనూ మహిళలు వీధివీధీ తిరిగి అలా సేకరించిన బట్టలను పశ్చిమ ఢిల్లీలోని రఘుబీర్ నగర్‌లో తెల్లవారుజామున జరిగే సంతలో అమ్ముతారు. తొడుక్కోవడానికి పనికొచ్చేవి బాగుచేతకు వెళ్తాయి. పనికిరాని ఉన్ని బట్టలు హరియాణాలోని పానీపత్‌లో పీచుగా మారి, తిరిగి నూలై, దుప్పట్లవుతాయి. 1999లో ఢిల్లీలో మొదలైన గూంజ్ వంటి స్వచ్ఛంద సంస్థలు వాడదగిన వస్తువులను గ్రామాలకు, విపత్తు ప్రాంతాలకు చేరుస్తున్నాయి.

మాయాపురి నేర్పిన పాఠం

ఈ గొలుసులో ఉన్న ప్రమాదాన్ని 2010లో దేశమంతా చూసింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1985 నుంచి వాడకుండా ఉన్న ఒక పరిశోధన యంత్రాన్ని పాత సామానుగా వేలం వేసింది. అది మాయాపురి చేరింది. అందులో రేడియోధార్మిక కోబాల్ట్-60 ఉందని తెలియని కార్మికులు దానిని విడదీశారు. రేడియేషన్ సోకి ఒకరు మరణించగా, పలువురు ఆసుపత్రి పాలయ్యారు. గది ఖాళీ చేసినవారు ఆ యంత్రంలో ఏముందో చూసుకోలేదు. ఆ నిర్లక్ష్యానికి మూల్యం చెల్లించింది తుక్కు విప్పిన కార్మికులు.

ఇళ్లలో కోబాల్ట్ ఉండకపోవచ్చు. కానీ పాత టీవీ పిక్చర్ ట్యూబు గాజులో సీసం, ట్యూబులైటులో పాదరసం ఉంటాయి. ఫ్రిజ్ గొట్టాన్ని కోస్తే అందులోని వాయువు గాలిలో కలుస్తుంది. రాగి కోసం తీగలను కాల్చితే విషపు పొగ వస్తుంది. చెత్త లారీలో నలిగిన లిథియం బ్యాటరీ నిప్పు రాజేయగలదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు నమోదైన రీసైక్లింగ్ కేంద్రాల ద్వారా నిర్ణీత శాతం వ్యర్థాలను శుద్ధి చేయించే బాధ్యతను తయారీ సంస్థలపై పెట్టాయి. 2023-24లో 60 శాతంగా ఉన్న ఆ లక్ష్యం 2027-28 నాటికి 80 శాతానికి చేరాలి. పాత వస్తువు ఇంటి నుంచి ఆ కేంద్రం దాకా వెళ్లినప్పుడే ఈ లక్ష్యానికి అర్థం ఉంటుంది.

విడదీస్తే సరుకు, కలిపితే చెత్త

అన్నం మెతుకులు అంటిన కాగితాన్ని కబాడీవాలా కొనడు. తడిసిన పరుపును ఎవరూ తీసుకోరు. అన్నింటినీ ఒకే సంచిలో కట్టి పడేస్తే చివరికి చేరేది డంపింగ్ యార్డుకే. తూర్పు ఢిల్లీలోని గాజీపూర్ చెత్త గుట్టలో కొంత భాగం 2017 సెప్టెంబర్ 1న కూలి ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు.

ఇల్లు ఖాళీ చేసేవారు, ఆ పనిని ఏదైనా సంస్థకు అప్పగించేవారు బండి రాకముందే కొన్ని జాగ్రత్తలు తీసుకోవచ్చు.

- వాడదగిన ఫర్నిచర్, బట్టలు, పుస్తకాలను శుభ్రం చేసి వేరుగా ఉంచి, ముందుగా వాటికి కొత్త యజమానిని వెతకాలి.
- కాగితం, లోహం, ప్లాస్టిక్, గాజును పొడిగా, విడివిడిగా కట్టాలి.
- ఫోన్లు, కంప్యూటర్లలోని సమాచారాన్ని తొలగించి, నమోదైన రీసైక్లింగ్ సంస్థకే ఇచ్చి రసీదు తీసుకోవాలి.
- బ్యాటరీలు, ట్యూబులైట్లు, రంగుల డబ్బాలు, కాలం చెల్లిన మందులను మిగతా చెత్తతో కలపకూడదు.
- ఖాళీ చేసే సంస్థను ధరతో పాటు, ఏ వస్తువును ఎక్కడికి తీసుకెళ్తుందో కూడా అడగాలి.

ఇది తెలుగు రాష్ట్రాల నగరాలకూ సంబంధించిన విషయమే. పాత ఇళ్ల స్థానంలో అపార్ట్‌మెంట్లు లేస్తున్న హైదరాబాద్‌లో శిథిలాలను శుద్ధి చేసేందుకు జీడిమెట్ల, ఫతుల్లాగూడలలో కర్మాగారాలు ఏర్పాటయ్యాయి. ఒక్కోదాని సామర్థ్యం రోజుకు 500 టన్నులు. యంత్రాలు ఎన్ని వచ్చినా విభజన మొదలు కావలసింది ఇంట్లోనే. గడప దాటేలోగా వేరు చేసిన వస్తువుకు మరొకరి ఇంట్లో చోటు దొరుకుతుంది. కలిపి పడేసిన వస్తువును చివరకు తన చేతులతో విడదీసేది చేతికి తొడుగు కూడా లేని కార్మికుడే.