భారీ టెలిఫొటో లెన్స్‌కు ట్రైపాడ్: ఎన్ని కిలోలు మోస్తుందన్నది తర్వాతి సంగతి

రాజస్థాన్‌లోని భరత్‌పూర్, కేవలాదేవ్ జాతీయ పార్కు. చలికాలం ఉదయం గట్టు మీద నిలబడి, నీళ్లలో కొంగ ఎప్పుడు చేపను అందుకుంటుందా అని గంటసేపు కాచుకునే ఫొటోగ్రాఫర్‌కు ట్రైపాడ్ లేకపోతే చేతులు లాగేస్తాయి. అదే మనిషి అదే లెన్స్‌తో రణథంబోర్ వెళ్లి సఫారీ జీపు ఎక్కితే, ట్రైపాడ్ కాళ్లు చాపడానికే చోటుండదు. బండి దిగనివ్వరు. పది లక్షల రూపాయలు దాటే 600 ఎంఎం ఎఫ్/4 లెన్స్‌కు ఏ ట్రైపాడ్ కొనాలన్నది ఇక్కడే తేల్చుకోవాలి. దుకాణాల్లో మాత్రం మాటంతా అది ఎన్ని కిలోలు మోస్తుందన్న దాని చుట్టూనే తిరుగుతుంది.

ఆ అంకెను పూర్తిగా నమ్మలేం. కంపెనీలన్నీ ఒకే పద్ధతిలో కొలవవు. పైగా అది బరువుకు కుంగదని చెబుతుందే తప్ప వణకదని కాదు. 600 ఎంఎం లెన్స్, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాతో చూస్తే 100 మీటర్ల దూరంలో ఫ్రేమ్‌లో పట్టేది 6 మీటర్ల వెడల్పే. కెమెరా డిగ్రీలో పదో వంతు కదిలినా అక్కడ గురి 17 సెంటీమీటర్లు తప్పుతుంది. అంటే సుమారు ఒక పిచ్చుక పొడవు.

కాబట్టి ముందు చూడాల్సింది కాళ్ల లావు. గొట్టం గోడ మందం, పదార్థం ఒకటే అయితే 25 మిల్లీమీటర్ల గొట్టం కంటే 32 మిల్లీమీటర్లది వంగకుండా నిలవడంలో సుమారు రెట్టింపు గట్టిది. ఎత్తు పెంచే మధ్య స్తంభం లేనిదే మేలు. మూడు కాళ్ల మీద నిలిచిన లెన్స్‌ను ఆ స్తంభం ఒంటికాలి మీదకు తెస్తుంది. అది లేకపోతే కాళ్లను నేలకు పరిచినట్టు తెరవొచ్చు కూడా. నీటిపక్షుల ఫొటోలు పక్షి కంటి ఎత్తు నుంచి తీసినప్పుడే బాగుంటాయి కనుక ఇది చిన్న లాభం కాదు.

ఇక హెడ్. తొలిసారి కొనేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. బాల్‌హెడ్‌లో లెన్స్ బరువంతా గుండుకు పైన ఉంటుంది. ఎగిరే పక్షిని వెంబడించడానికి మర వదులు చేయగానే లెన్స్ ఒరుగుతుంది, ఒరిగేకొద్దీ మరింత వేగంగా పడుతుంది. లెన్స్ వెళ్లి ట్రైపాడ్ కాలికి కొట్టుకునేది, ఒక్కోసారి ట్రైపాడే తిరగబడేది ఇలాగే.

జింబల్ హెడ్ లెన్స్‌ను ఉయ్యాలలో పెట్టినట్టు పట్టుకుంటుంది. లెన్స్, కెమెరాల ఉమ్మడి గరిమనాభి హెడ్ తిరిగే ఇరుసుల మీదకు వస్తే, మరలన్నీ వదులుగా ఉన్నా లెన్స్ ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతుంది. వేలితో తోస్తే కదులుతుంది. అయితే ఆ సమతూకం కొన్నంత మాత్రాన రాదు, కుదుర్చుకోవాలి. హుడ్, కెమెరా, టెలికన్వర్టర్ వాడితే అదీ తగిలించాక, ప్లేటును ముందుకూ వెనక్కూ జరిపి బరువు సమం చేయాలి. తర్వాత లెన్స్ మూతిని 45 డిగ్రీలు పైకెత్తి వదలాలి. తిరిగి నేలబారుకు వస్తే లెన్స్ మరీ కిందికి ఉన్నట్టు, కాస్త ఎత్తాలి. ఇంకా వెనక్కి ఒరిగిపోతే ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు, దించాలి.

జింబల్‌కు పక్కకు వంచే కీలు ఉండదు. ఏటవాలు గట్టు మీద ట్రైపాడ్ ఒరిగి ఉంటే, పక్షి వెంట లెన్స్ తిప్పేకొద్దీ నీటి గీత వంకరపోతుంది. హెడ్ కింద లెవెలింగ్ బేస్ ఉంటే కాళ్లతో కుస్తీ పట్టే పని తప్పుతుంది. వీడియోనే ప్రధానమైతే ఫ్లూయిడ్ హెడ్ నయం.

ఇప్పుడు ఇంత సరంజామా అవసరమా అన్న సందేహం న్యాయమైనదే. 1999 నాటి కెనాన్ 600 ఎంఎం స్టెబిలైజ్డ్ లెన్స్ 5.36 కిలోలు. 2018లో వచ్చిన మూడో తరం 3.05 కిలోలే. సోనీ 200-600 జూమ్ 2.1 కిలోలు. ఈ జూమ్ ఒక్కటే ఉన్నవాళ్లకు చాలాసార్లు మోనోపాడ్ సరిపోతుంది. కానీ ట్రైపాడ్ వణుకు ఆపడానికే కాదు, కాచుకోవడానికి కూడా. కెమెరాతో కలిపి నాలుగు కిలోలను కంటి దగ్గర పట్టుకుని గంట నిలబడటం అందరి వల్లా కాదు.

పులుల అభయారణ్యాలకే వెళ్లేవాళ్లు ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు. జీపు కమ్మీ మీద వేసే బీన్‌బ్యాగ్ చాలు. ఖాళీ సంచి తీసుకెళ్లి, అక్కడి కిరాణా కొట్లో బియ్యమో రాజ్మానో కొని నింపుకుంటే విమానంలో బరువూ తప్పుతుంది. డ్రైవర్ ఇంజిన్ ఆపేదాకా మాత్రం ఆగాలి. నడుస్తున్న ఇంజిన్ వణుకు బీన్‌బ్యాగ్‌లోంచి కూడా లెన్స్‌కు చేరుతుంది.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే దారిలో పులికాట్ రాజహంసల కోసం దిగేవాళ్లకు మళ్లీ ట్రైపాడే దిక్కు. బురదలో ముందు కాళ్లను గట్టిగా నొక్కి దించాలి, ఆ తర్వాతే లెన్స్ ఎక్కించాలి. అక్కడివి ఉప్పునీళ్లు. ఆ సాయంత్రమే కాళ్లను విడదీసి మంచినీళ్లతో కడిగి ఆరబెట్టకపోతే, మరుసటి ప్రయాణానికి తిప్పే తాళాలు ఇసుకతో కరకరలాడతాయి.