క్రొత్తగా నింటికి వచ్చిన పెంపుడు పాము

పాము పేరు విన్నంతనే మనలో పెక్కురు పిల్లలను దగ్గఱకు తీసికొని తలుపు మూయుదురు. అది తప్పు కాదు. మన పొలములందు నాగుబామును, కట్లపామును, రక్తపింజరమును తిరుగుచున్నంత కాలము ఆ భయము మనకు రక్షయే. కాని అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబములలో పదేండ్ల పిల్లవాడు తల్లికడకు వచ్చి, పెంచుకొనుటకు పామును కొనిపెట్టుమని యడుగుట యిపుడు వింత కాదు. అట్టి తల్లులకును, వారి క్షేమము కోరు అమ్మమ్మలకును, మేనత్తలకును ఉపయోగపడునని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. టెక్సాసు రాష్ట్రమున మా యాడుబిడ్డ యింట రెండు మాసములుండి, ఇట్టి పాము పోషణమును మేము కన్నులార చూచితిమి.

వారు తెచ్చినది కార్న్ స్నేక్ అను జాతి. మొక్కజొన్న పాము అని దాని యర్థము. అమెరికా ఆగ్నేయభాగము దీని జన్మభూమి. నారింజవన్నె మేనిపై ఎఱ్ఱని మచ్చలుండును. విషము లేదు. ఎలుకను చుట్టి బిగించి చంపి మ్రింగును. పెరిగినచో మూడు మొదలు అయిదు అడుగుల పొడవుండును. పెంపకపు పాములలో పుట్టిన పిల్లనే కొనవలెను. అడవినుండి పట్టి తెచ్చినదానిని కొనరాదు.

మా బాల్యమున తండ్రిగారు అమరకోశము చెప్పునపుడు పాము పేర్లను వల్లించితిమి. ఆ పేర్లలో కొన్ని యీ జంతువు స్వభావమునే తెలుపుచున్నవని యిప్పుడు తోచినది. అందొకటి బిలేశయము, అనగా కలుగులో పండుకొనునది. క్రొత్త పామునకు మనము చేయదగిన మొదటి యుపకారము దాగుచోటు కల్పించుటయే. గాజు పెట్టెలో ఒకవైపు 29 మొదలు 31 సెంటిగ్రేడు డిగ్రీల వెచ్చదనమును, రెండవవైపు 22 మొదలు 25 డిగ్రీల చల్లదనమును ఉండవలెను. పాము తన వేడిని తాను పుట్టించుకొనలేదు. అటునిటు తిరిగి తనకు వలసినంత వేడిని గ్రహించును. రెండు వైపులను ఒక్కొక్క గూడుండవలెను. ఒక్కటే యున్నచో భయపడిన పాము వేడికో చలికో తాళలేకున్నను అందే ముడుచుకొని యుండును. అడుగున ఆస్పెను కొయ్యపొట్టు పఱతురు. ఘాటువాసనగల సీడారు పొట్టు హానికరము. వేడిపలకకు థర్మోస్టాటు లేనిదే పాము పొట్ట కాలును. మూతకు గడియ తప్పక కావలెను. ఈ జాతి సన్నని సందు దొరికినను జాఱిపోగలదు.

ఇక మొదటి వారము దాని జోలికి పోరాదు. నీరు మార్చుట తప్ప వేఱు పని లేదు. పిల్లలకు ఇదియే కష్టతరమగు నియమము. బంధువులను పిలిచి చూపుట, గాజును తట్టుట, చేతులు మార్చుకొనుట కూడదు. పామునకు బయటి చెవి లేదు. కన్నే చెవి యని తలచి పెద్దలు చక్షుశ్శ్రవమనిరి. నిజమునకు లోపలి చెవి కలదు. నేల యదురు దవుడ యెముకల ద్వారా దానికి చేరును. కావున పెట్టెను తలుపుప్రక్కను, సంగీతపు పెట్టెప్రక్కను ఉంచరాదు. నాలుక చాచుట కోపము గాదు. గాలిలోని వాసనను నోటి పైభాగమందలి యింద్రియమునకు అందించుకొనుటయే.

ఆహారపు మాట వచ్చినది. పవనాశనమని పేరున్నను గాలి మేసి బ్రదుకు పాము లేదు. పాలును దాని యాహారము గావు. ఈ పాము తినునది చుంచెలుకయే. పిల్లపామునకు అయిదాఱు దినముల కొకసారి బొచ్చు మొలవని ఎలుకపిల్లను, పెద్దదానికి పది పదునాలుగు దినముల కొకటిని ఇత్తురు. ఎలుక పాము నడుము లావును మించరాదు. మంచులో గట్టిపఱచి యమ్ముదానిని తెచ్చి, వేడినీటిలో కరగించి, పట్టకారుతో అందింతురు. బ్రదికియున్న ఎలుక పామునే కొఱకవచ్చును.

శాకాహారుల యింట ఇది చిన్న చిక్కు గాదు. మా యాడుబిడ్డ, "వదినా, చవితినాడు పుట్టలో పాలు పోసిన చేతితో ఎలుకను నేనెట్లు పట్టుదును?" అని కంట నీరు పెట్టుకొన్నది. తుదకు కారు షెడ్డులో వేఱొక చిన్న శీతలపేటిక నుంచిరి. పామును కోరిన పిల్లవాడే తండ్రి దగ్గఱనుండగా ఆ పని చేయవలెనని నియమము పెట్టుకొనిరి. ఇట్టి యేర్పాటునకు సమ్మతింపని యింట పామును తేరాదు. మన యాచారముకొఱకు దానిని పస్తుంచుట అధర్మము.

రెండు మూడు మార్లు చక్కగా తిన్న తరువాతనే పామును చేతికి తీసికొనవలెను. తిన్న పిదప రెండు దినములు ముట్టరాదు, ముట్టినచో కక్కును. చేతులు ముందుగా కడుగుకొనవలెను. ఎలుక వాసన యున్నచో వ్రేలే ఎలుకయని భ్రమించును. పైనుండి చేయి దింపుట గ్రద్ద వాలినట్లు దానికి తోచును. ప్రక్కనుండి మెల్లగా పోయి, నడుము క్రింద రెండు చేతులు చేర్చి లేవనెత్తవలెను. తల నొక్కరాదు, తోక పట్టి వ్రేలాడదీయరాదు. నేలపై కూర్చుండి, ఒక చేతినుండి రెండవచేతికి ప్రాకనీయవలెను. తొలుత అయిదు నిమిషములు చాలును. మెడను వంకరగా వెనుకకు లాగి, తోకను వేగముగా అదరించినచో భయపడినదని తెలిసి తిరిగి పెట్టెలో విడువవలెను. పిల్లపాము కఱచినను సూది గ్రుచ్చినంతయే. సబ్బుతో కడిగిన చాలును.

కన్నులు పాలనీలముగా మసకబారినచో కుబుసము విడువనున్నదని యర్థము. అప్పుడు దానికి చూపు మందగించును, ముట్టరాదు. తడి నాచుగల చిన్న పెట్టె నుంచినచో కుబుసము ఒక్కటిగా ఊడివచ్చును. చేతితో ఒలుచుట ప్రమాదము.

పామును గాని పెట్టెను గాని ముట్టిన ప్రతిసారి చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. సాల్మొనెల్లా యను సూక్ష్మజీవి ఆరోగ్యముగనున్న పామునందును ఉండవచ్చును. అయిదేండ్లలోపు పిల్లలును, వృద్ధులును, రోగనిరోధకశక్తి తగ్గినవారును దూరముగా నుండుట మేలు. పెట్టెను వంటయింట కడుగరాదు.

కొనుటకు ముందు తల్లి యొక లెక్క వేసికొనవలెను. ఈ పాము 15 మొదలు 20 ఏండ్లు జీవించును. పదేండ్ల బాలుడు కళాశాలకు పోవునప్పటికి దాని యాయువు ఇంచుమించు సగము మిగిలియే యుండును. మిగిలిన యేండ్లు దానిని చూచునది ఎవరు? సోదరీమణులారా, ఆ యుత్తరము మనకందఱకు తెలిసినదే. చట్టమును విచారింపవలెను, జార్జియా రాష్ట్రమున స్థానికమగు విషరహితసర్పములను పెంచరాదు. మన దేశమున నాగుబామును, జెఱ్ఱిపోతును పట్టి యింట నుంచుట 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము.

అన్నిటికంటె ముఖ్యమైన దొకటి కలదు. ఇట్టి పామును మెడలో వేసికొని యాడిన బాలుడు సెలవులకు అమ్మమ్మగారి యూరికి వచ్చును. గడ్డివామి దగ్గఱ కదలు పామును చూచి, తన నేస్తమే యనుకొని చేయి చాచును. అమెరికాలో సయితము కాపర్‌హెడ్ అను విషసర్పము చూపునకు ఈ జాతిని పోలియుండును. ఆ భ్రాంతిచే ఈ సాధుజంతువును చంపువారు కలరు. కావున పామును ఇంటికి తెచ్చు దినముననే తల్లి బిడ్డకు చెప్పవలెను: "నాయనా, ఈ పెట్టెలోని దొక్కటే నీవు ముట్టదగినది. తక్కిన దేది కనబడినను నిలిచి, వెనుకకు నడిచి, పెద్దలను పిలువుము." ఈ పాఠము బిడ్డకు నోటికి వచ్చువఱకు పెట్టెను కొనవలదు.