పెరట్లో వాన లెక్క

డాలస్ శివార్లలోని మా ఇంటి పెరట్లో గుంజకు బిగించిన ప్లాస్టిక్ గొట్టాన్ని చూసి, పిట్టలకు నీళ్లు పెట్టారా అని అడుగుతుంటారు. అది వర్షమాపకం. రోజూ ఉదయం ఏడింటికి కాఫీ కప్పుతో వెళ్లి, అందులో నీరెంతుందో చూసి ‘కోకోరాస్’కు పంపుతాను.

వాన కొలిచే స్వచ్ఛంద కార్యకర్తల బృందమది. పుట్టింది ఓ విషాదంలోంచి. 1997 జూలై 28న కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లో వరదకు ఐదుగురు చనిపోయారు. ఊరికి ఓ పక్క కొన్ని గంటల్లోనే అడుగుకు మించి వాన. మరో పక్క మామూలు జల్లే. ఒకటీ అరా కేంద్రాల లెక్కతో ఊరంతటి వాన తెలియదని అర్థమై, మరుసటి ఏడాది కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వాతావరణ నిపుణులు ఇళ్లవాళ్ల చేతికే మాపకాలిచ్చారు. ఇప్పుడు 50 రాష్ట్రాల్లోనూ ఉన్నారు.

‘ఫోన్‌లో యాప్ చెబుతుందిగా’ అంటారు. రాడార్ చెప్పేది పైనున్న చినుకులను బట్టి వేసిన అంచనా. నేలమీద ఎంత పడిందో చెప్పేది మాపకమే. 4 అంగుళాల గరాటులో పడిన నీరు సన్నటి గొట్టంలోకి దిగుతుంది. అంగుళం వాన అందులో 10 అంగుళాల ఎత్తు నిలుస్తుంది. అందుకే అంగుళంలో నూరో వంతునూ చదవొచ్చు.

అయితే ఎంత పడిందన్నదే కాదు, ఎంతసేపట్లో పడిందన్నదీ ముఖ్యం. రోజంతా పడిన 2 అంగుళాలు నేలలోకి ఇంకుతాయి. అదే గంటలో పడితే కాంక్రీటు మీదుగా వాగుల్లోకి పరుగెడతాయి. ఒకరోజు సాయంత్రం 40 నిమిషాల్లో 1.8 అంగుళాలు పడింది. అంటే గంటకు 2.7 అంగుళాల వేగం. వెంటనే ఆ వివరం పంపాను. అలాంటివి నేషనల్ వెదర్ సర్వీస్‌కు చేరతాయి. తర్వాత, డ్యాన్స్ క్లాసు నుంచి పాపను తీసుకొస్తున్న మా ఆవిడకు ఫోన్ చేసి, వాగు పక్క దారిలో రావద్దన్నాను. అరగంట ఆలస్యమైందని విసుక్కుంది. మర్నాడు ఆ దారిలో బురద చూశాక మాట్లాడలేదు. అడుగు లోతున పారే నీరు కారును కొట్టుకుపోగలదు.

వాన పడని రోజూ ‘సున్నా’ అని రాయాల్సిందే. కరవు అంచనాకు ఆ సున్నాలే ఆధారం. ఊళ్లో సేద్యం చేసే మా నాన్న ఫోన్‌లో ‘పదును ఎంత దిగింది?’ అనే అడుగుతారు. నేను అంగుళాల్లో చెబితే ఆయన 25తో హెచ్చించి మిల్లీమీటర్లు చేసుకుంటారు. వరసగా సున్నాలు చెప్పినప్పుడు మాత్రం లెక్క అక్కర్లేదు. ‘అక్కడా అంతేనా’ అంటారు.