నీటిలో మునిగేవారి గాలిచొక్కా: దానిని ఎన్నుకొనే తీరు

మందు చుక్కలు వేసే చిన్న గాజుగొట్టంలోకి కొంత నీరు పీల్చి, నిండా నీరున్న ప్లాస్టిక్ సీసాలో వదలి మూత బిగించండి. గొట్టం పైన తేలుతూ ఉంటుంది. సీసాను గట్టిగా నొక్కితే మునుగుతుంది. పట్టు వదలితే పైకి వస్తుంది. ఈ ప్రయోగాన్ని తరగతిలో చేసి చూపిన ఉపాధ్యాయులు చాలామందే ఉంటారు. అయితే ఈసారి గొట్టాన్ని సరిగా సీసా నడుమ నిలిపి ఉంచడానికి ప్రయత్నించండి. అది నిలవదు. పట్టు కాస్త బిగిస్తే అడుగుకు పోతుంది, కాస్త సడలిస్తే మీదికి పోతుంది. వ్రేళ్లు క్షణక్షణం సర్దుతూ ఉంటేనే అది నడుమ ఆగుతుంది. ఇట్లా ఎందుకు జరుగుతుంది?

ఈ ప్రశ్నకు సమాధానం సముద్రంలో మునిగే డైవరు ధరించే ఒక ముఖ్యమైన పరికరంలో ఉన్నది. దాని పేరు బాయన్సీ కాంపెన్సేటర్. డైవర్లు పొట్టిగా బీసీడీ అంటారు. మనం గాలిచొక్కా అందాం. నీటిలో ఒకే లోతున తేలికగా నిలవడానికి డైవరు దీనిలో గాలి నింపుతాడు, అవసరమైనప్పుడు వదలుతాడు.

1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యాఁ అనువారు వీపున సిలిండరుతో స్వేచ్ఛగా ఈదగల ఊపిరి పరికరాన్ని రూపొందించారు. ఆ తొలినాళ్ల డైవర్లకు గాలిచొక్కా లేదు. నడుముకు సీసం దిమ్మలు కట్టుకొని, ఊపిరితో సర్దుకొంటూ ఈదేవారు. 1961లో అదే దేశానికి చెందిన మోరిస్ ఫెంజీ, మెడకు తగిలించుకొని గాలి నింపుకొనే సంచిని ప్రవేశపెట్టాడు. నేటి గాలిచొక్కాలు దాని సంతతి. ఇవాళ అండమానులలోని స్వరాజ్ ద్వీపంలోను, విశాఖపట్నం చెంత ఋషికొండ తీరంలోను సరదాగా సముద్రంలో మునిగేవారు వీటినే ధరిస్తున్నారు.

రెండు సూత్రాల కలయిక

నీటిలో మునిగిన వస్తువు తాను తొలగించిన నీటి బరువుకు సమానమైన బలంతో పైకి నెట్టబడుతుందని ఆర్కిమిడీసు సూత్రం చెబుతుంది. ఒక లీటరు సముద్రజలం బరువు ఒక కిలోకు కొద్దిగా ఎక్కువ. కనుక చొక్కాలో ఒక లీటరు గాలి చేరితే డైవరుకు సుమారు ఒక కిలో ఎత్తుబలం లభిస్తుంది. లెక్క ఇంతటితో ముగిస్తే ఎంతో సులభంగా ఉండేది.

కాని ఉష్ణోగ్రత మారనప్పుడు వాయువు ఘనపరిమాణం పీడనానికి విలోమానుపాతంలో ఉంటుందని బాయిలు 1662లో ప్రకటించాడు. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఇంచుమించు ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. ఉపరితలం వద్ద ఒకటి, 10 మీటర్ల వద్ద రెండు, 20 మీటర్ల వద్ద మూడు. 20 మీటర్ల లోతున చొక్కాలో 6 లీటర్ల గాలితో ఒక డైవరు సరిగా తూగుతూ ఉన్నాడనుకొందాం. ఏ కారణం చేతనో అతడు 10 మీటర్లకు ఎక్కితే ఆ గాలే 9 లీటర్లవుతుంది. 3 కిలోల ఎత్తుబలం అదనంగా పుట్టి అతనిని ఇంకా పైకి నెడుతుంది. ఎక్కినకొద్దీ గాలి ఉబ్బుతుంది, ఉబ్బినకొద్దీ ఎక్కుతాడు. దిగినప్పుడు ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. దీనినే అస్థిర సమతాస్థితి అంటారు. మన సీసాలోని గొట్టం నడుమ నిలవకపోవడానికి కారణం ఇదే.

ఇది కేవలం వేగానికి సంబంధించిన విషయం కాదు. డైవరు ఊపిరితిత్తులలోని గాలి కూడా బాయిలు సూత్రానికి లోబడినదే. శ్వాస బిగపట్టి పైకి దూసుకువస్తే, కొద్ది మీటర్ల ఎక్కుడులోనే ఊపిరితిత్తులు చిట్లి ప్రాణాపాయం కలుగవచ్చు. కనుకనే శ్వాస ఎన్నడూ బిగపట్టరాదనీ, నిమిషానికి 9 మీటర్లకు మించిన వేగంతో పైకి రాకూడదనీ శిక్షణలో నేర్పుతారు. గాలిచొక్కా ఎన్నికలో మనం చూడవలసినదల్లా ఈ వేగాన్ని అదుపులో ఉంచగలిగినది ఏది అన్నదే.

ఎంత పెద్దది కావలె?

“పెద్ద చొక్కా అయితే భద్రత ఎక్కువ” అని కొత్తవారు సాధారణంగా అనుకొంటారు. లెక్క వేసి చూద్దాం. 11 లీటర్ల సిలిండరులో 200 వాతావరణ పీడనాల వద్ద ఇంచుమించు 2,200 లీటర్ల గాలి ఉంటుంది. లీటరు గాలి బరువు 1.2 గ్రాములు కనుక మొత్తం సుమారు 2.6 కిలోలు. ఈత ముగిసేసరికి ఈ గాలిలో అధిక భాగం ఖర్చవుతుంది. సిలిండరు దాదాపు ఖాళీ అయినప్పుడు కూడా డైవరు అదుపు తప్పి తేలిపోకుండా ఉండవలె గనుక, మొదట అతడు ఆ మేరకు బరువుగానే దిగుతాడు. ఇక చలి ఆగడానికి తొడిగే నురుగు రబ్బరు దుస్తులో సన్నని గాలిబుడగలు ఉంటాయి. లోతున అవి నలిగి దాని ఎత్తుబలం తగ్గుతుంది. 20 మీటర్ల వద్ద ఆ నష్టం 3 కిలోలనుకొందాం. రెండూ కలిపితే సుమారు 6 కిలోలు. మనం పైన తీసుకొన్న 6 లీటర్లు ఇవే.

ఉపరితలం మీద తల నీటికి పైన ఉంచవలె. తల బరువు 4 నుండి 5 కిలోలు. నిండు సిలిండరు గాలి బరువుతో కలిపితే 7 కిలోలకు పైబడుతుంది. అందుచేత వెచ్చని సముద్రాలలో ఒక్క సిలిండరుతో దిగేవారికి 10 కిలోలు, కొంత అదనం కలుపుకొని 12 కిలోల సామర్థ్యం సాధారణంగా చాలును. చలి సముద్రాలలో మందమైన దుస్తులతో, జంట సిలిండర్లతో దిగేవారికి మాత్రం ఎక్కువ కావలె. సీసం దిమ్మలను చొక్కా జేబులలోనే పెట్టేవారు మరొక సంగతి గమనించవలె: విప్పివేసినా ఆ సామగ్రి మొత్తం తేలేటంత సామర్థ్యం చొక్కాకు ఉండవలె.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పై డైవరు భయంకొద్దీ 4 కిలోల సీసం అదనంగా కట్టుకొన్నాడనుకోండి. దానిని మోయడానికి చొక్కాలో 6కు బదులు 10 లీటర్లు నింపవలె. 20 నుండి 10 మీటర్లకు ఎక్కితే అది 15 లీటర్లవుతుంది. అదనపు నెట్టుడు 3 కిలోలకు బదులు 5 కిలోలు! మునగడానికి కట్టుకొన్న సీసమే పైకి దూకించే గాలికి చోటిచ్చింది. కనుక చొక్కా కొనేముందు సీసం సరిచూసుకోవలె. ఈత చివర, సిలిండరులో 50 వాతావరణ పీడనాలు మిగిలి, చొక్కా ఖాళీగా ఉన్నప్పుడు, కదలకుండా మామూలు ఊపిరితో నిలిస్తే నీటిమట్టం కళ్లకు సరిగా ఉండవలె. ఉపరితలం మీద నిలిచి చేసే ఈ పరీక్షకు మించిన కొలత లేదు.

ఏ తీరుది మేలు?

నేడు వాడుకలో ప్రధానంగా రెండు తీరులున్నాయి. మొదటిదానిలో గాలి వీపుకు, ప్రక్కలకు చుట్టూ చేరుతుంది. ఉపరితలం మీద ఇది మనిషిని నిటారుగా హాయిగా నిలుపుతుంది. కొత్తవారికి ఇది నచ్చుతుంది. అయితే నిండా నింపినప్పుడు ప్రక్కలను బిగించవచ్చు. రెండవదానిలో గాలిసంచి వీపునే ఉంటుంది. నీటి అడుగున చేపవలె అడ్డంగా పరుచుకొని ఈదడానికి ఇది అనుకూలం. రొమ్ము ఖాళీగా ఉంటుంది. కాని ఉపరితలం మీద ఎక్కువ నింపితే ముఖం ముందుకు వాలేటట్లు నెడుతుంది. రెండింటిలో ఏదీ ప్రాణరక్షక చొక్కా కాదని మరువరాదు. స్పృహ తప్పినవాని ముఖాన్ని నీటికి పైన ఉంచుతుందన్న హామీ లేదు.

తీరు ఏదైనా గాలి వదలే కవాటాలను ముందు పరిశీలించవలె. గాలి ఎప్పుడూ చొక్కాలోని ఎత్తైన చోటికే చేరుతుంది. కనుక నిటారుగా ఉన్నప్పుడు భుజం వద్ద, తలక్రిందులైనప్పుడు నడుము వెనుక ఒక్కొక్క కవాటం చేతికి తడుముకోకుండా అందవలె. గాలి నింపే మీట ఎప్పుడైనా ఉప్పు పట్టి ఇరుక్కుంటే గాలి ఆగకుండా చేరుతుంది. అప్పుడు ఆ గొట్టాన్ని ఒక్క చేతితో ఊడదీయగలగవలె. దుకాణంలోనే చొక్కా తొడిగి కళ్లు మూసుకొని ఇవన్నీ చేసి చూడండి. నింపినప్పుడు ఊపిరికి అడ్డురాకుండా, ఖాళీగా ఉన్నప్పుడు భుజాల మీదికి జారకుండా ఉన్నదే సరిపోయిన చొక్కా. వాడిన ప్రతిసారీ లోపల, వెలుపల మంచినీటితో కడగవలె.

మళ్లీ మన సీసా వద్దకు వద్దాం. ఈసారి గొట్టంలోకి నీరు ఎక్కువ పీల్చి, అది తేలీతేలనట్లు ఉండేటట్లు చేయండి. ముందు ఎంత బలంగా నొక్కవలసి వచ్చిందో, ఇప్పుడు ఎంత తేలిక పట్టుతో పని జరుగుతున్నదో విద్యార్థులే చూచి చెబుతారు. గొట్టంలో గాలి తగ్గింది, వ్రేళ్లకు శ్రమ తగ్గింది. డైవరు విషయం కూడా అంతే. ఎక్కువ గాలి పట్టే చొక్కాకన్న, తక్కువ గాలితోనే తనను నిలిపి, ఆ కొద్ది గాలిని కోరినప్పుడు వెంటనే వదలే చొక్కాయే అతనికి మేలైనది.