'మా'కూ 'మన'కూ మధ్య: గూడ అంజయ్య పాట

గూడ అంజయ్య పాటను గురించి రాసేవారు చాలామంది ఆవేశాన్ని మెచ్చుకుని ఆగిపోతారు. వ్యాకరణం దాకా రారు. తెలుగు పంతులును గనుక నేను అక్కడినుంచే మొదలుపెడతాను.

అంజయ్య 1955లో ఆదిలాబాద్ జిల్లా దండేపల్లి దగ్గరి లింగాపురంలో దళిత కుటుంబంలో పుట్టాడు. ఆ ఊరు నేడు మంచిర్యాల జిల్లాలో ఉంది. ఫార్మసిస్టుగా పనిచేశాడు. 2016 జూన్ 21న కన్నుమూశాడు.

'ఊరు మనదిరా' పాటనే తీసుకుందాం. తెలుగులో 'మా' వేరు, 'మన' వేరు. 'ఊరు మాది' అంటే వినేవాడు బయటనే నిలబడతాడు. 'మనది' అనగానే వాడూ హక్కుదారుల్లో చేరిపోతాడు. పాడేవాడు ఉపన్యాసకుడు కాడు, పక్కన నిలబడ్డ తోటి కూలి. ఆపైన ఊరి పనులనూ పనిముట్లనూ ఒక్కొక్కటే లెక్కబెట్టి, ఇందులో దొర చేసిందేమిటని నిలదీస్తాడు. హిందీ 'హమారా'లో ఈ తేడా లేదు. అందుచేత ఈ పాటలో వస్తువు వేరు, భాష వేరు అని విడదీసి చూడటం కుదరదు.

గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచిన నేల మనది. అక్కడ దొరను ఏకవచనంలో పిలవడమే తిరుగుబాటు. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్రకు కదిలిన రైతుకూలీలకు ఆ సంగతి ఎవరూ వివరించనక్కరలేదు.

'బాణీ జనానిదే గదా, ఇందులో కవి ప్రతిభ ఏముంది?' అని ఒక మిత్రుడు వాదించాడు. ఆయన కోసం అమెరికా సంగతొకటి చెబుతాను. పారిస్‌లో సంగీతం చదివిన ఆరన్ కోప్లాండ్ 1934లో 'న్యూ మాసెస్' పత్రిక పెట్టిన మేడే పాటల పోటీలో గెలిచాడు. గొప్ప సంగీతకర్తే, సందేహం లేదు. కానీ ఆ స్వరాలు కార్మికుల నోటికి అందేవి కావు. ఊరేగింపులోకి పియానో ఎక్కడినుంచి వస్తుంది? ఆయన సహచరుడు చార్లెస్ సీగర్ వంటివారు చివరకు జానపద గీతం వైపు మళ్ళవలసివచ్చింది. వారు వెదుక్కుంటూ చేరిన చోటునుంచే అంజయ్య బయలుదేరాడు.

సర్కారు దవాఖానకు రానని మొరాయించే రోగి పాట రాసింది కూడా ఈ ఫార్మసిస్టే. 1995లో 'ఒరేయ్ రిక్షా' సినిమాలో వచ్చింది. ఎగతాళిలోనూ కోపం చల్లారదు.

తరగతిలో 'మా', 'మన' తేడా చెప్పేటప్పుడు నేనీ పాటనే ఉదాహరణగా చెబుతాను. వెనుక బెంచీలోంచి ఒక పిల్లవాడు లేచి అడిగాడు: "సార్, ఇదే పాట దొర పాడితే?"