పంజరంలో వెయ్యి లీటర్లు

బెంగళూరు నుంచి హైదరాబాద్ వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి కొడికొండ దగ్గర ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చి, సోమందేపల్లి, పెనుకొండల మీదుగా అనంతపురం వైపు సాగుతుంది. ఆ దారిలో పోయే లారీల మీద తెల్లటి చదరపు ట్యాంకులు కనిపిస్తుంటాయి. చుట్టూ ఇనుప గొట్టాల పంజరం, అడుగున ప్యాలెట్, నెత్తిన వెడల్పాటి మూత, ముందువైపు నేలకు దగ్గరగా రెండంగుళాల కుళాయి. దీని పేరు ఇంటర్మీడియట్ బల్క్ కంటెయినర్, పొట్టిగా ఐబీసీ. లారీకి బిగించిన పెద్ద ట్యాంకరుకూ, మనిషి దొర్లించుకుపోగలిగే డ్రమ్ముకూ మధ్య సైజు. నిండా పోస్తే వెయ్యి లీటర్లు.

దీని కథ డ్రమ్ముతోనే మొదలుపెట్టాలి. ఉక్కు డ్రమ్ముకు 1905లో అమెరికాలో పేటెంటు తెచ్చినవాడు హెన్రీ వెర్‌హాన్. ఆ హక్కులు అందుకున్నది నెల్లీ బ్లై. 72 రోజుల్లో భూగోళాన్ని చుట్టివచ్చిన పాత్రికేయురాలు ఆమే. అప్పటికి ఇనుప సామాను ఫ్యాక్టరీ నడుపుతోంది. ఆ డ్రమ్ము శతాబ్దమంతా నూనెలనూ రసాయనాలనూ మోసింది. అయితే దాని ఆకారమే దాని ఇబ్బంది. నాలుగు గుండ్రటి డ్రమ్ములను ఒక ప్యాలెట్ మీద నిలబెడితే వాటి మధ్య చోటంతా వృథా. ఆ నాలుగు డ్రమ్ముల్లో పట్టేది 800 లీటర్ల పైచిలుకు. అదే చోట చదరపు తొట్టి పెడితే వెయ్యి లీటర్లు పడతాయి. పైగా నాలుగు మూతలకు బదులు ఒకటే మూత, నాలుగుసార్లు వంచి ఒంపే పనికి బదులు ఒకటే కుళాయి.

అయితే లోహంతో అంత చదరపు తొట్టి చేస్తే బరువు, ఖర్చు రెండూ ఎక్కువే. దారి చూపింది ప్లాస్టిక్కు. జర్మనీలో కార్ల్ జీగ్లర్ 1953లో తక్కువ ఒత్తిడిలోనే పాలిథీన్ తయారుచేసే ఉత్ప్రేరకాన్ని కనుక్కున్నాడు. ఇటలీ శాస్త్రవేత్త జూలియో నట్టాతో కలిసి 1963లో రసాయన శాస్త్రంలో నోబెల్ అందుకున్నాడు. ఆ పద్ధతిలో పుట్టిన హెచ్‌డీపీఈ గట్టిది, తేలికైనది, చాలా ఆమ్లాలకూ క్షారాలకూ లొంగనిది. కరిగిన ఈ ప్లాస్టిక్కు గొట్టాన్ని అచ్చులో బిగించి లోపలికి గాలి పంపితే, బూర ఉబ్బినట్టు ఉబ్బి అచ్చు గోడలకు అంటుకుని గట్టిపడుతుంది. వెయ్యి లీటర్ల సీసా అయినా అతుకు లేకుండా ఒకే ముక్కగా వస్తుంది.

ఆ సీసా ఒంటరిగా నిలబడలేదు. వెయ్యి కిలోల నీటి ఒత్తిడికి పక్కలు ఉబ్బుతాయి. బరువంతా మోసేది బయటి పంజరమే. జర్మనీలో సెల్టర్స్ పట్టణంలో ఊడో షుట్జ్ 1958లో స్థాపించిన కంపెనీతో పాటు మరికొన్ని సంస్థలు 1970ల నుంచి ఈ జంట నిర్మాణాన్ని పదునుపెడుతూ వచ్చాయి. ఖాళీ ట్యాంకు బరువు సుమారు 60 కిలోలు. ఫోర్క్‌లిఫ్టు ఏ వైపు నుంచైనా ఎత్తగలదు. సుమారు అదే కాలంలో, 1975లో, మన దేశంలో సింటెక్స్ నల్ల నీళ్ల ట్యాంకులు మేడల మీదికెక్కాయి. కానీ వాటిది కదలకుండా ఒకచోట ఉండే జీవితం. ఐబీసీ పుట్టిందే ప్రయాణానికి.

ప్రయాణం ముగిశాక ఏమవుతుందన్న ప్రశ్నే దీని చరిత్రలో పెద్ద తగాదాకు కారణమైంది. పంజరం సీసా కంటే అయిదారు రెట్లు ఎక్కువ కాలం మన్నుతుంది. కాబట్టి పాత సీసాను తీసేసి, అదే పంజరంలో కొత్తది దించి అమ్మే వ్యాపారం ఐరోపాలో వచ్చింది. బ్రిటన్‌లో డెల్టా అనే సంస్థ షుట్జ్ పంజరాల్లో వెరిట్ కంపెనీ సీసాలు దించి అమ్మింది. ఇది పేటెంటు ఉన్న వస్తువును మళ్లీ తయారుచేయడమేనని షుట్జ్ కోర్టుకెక్కింది. కింది కోర్టులో ఓడి, అప్పీలు కోర్టులో గెలిచింది. చివరికి 2013 మార్చి 13న బ్రిటన్ సుప్రీంకోర్టు లార్డ్ న్యూబర్గర్ రాసిన తీర్పులో షుట్జ్ వాదనను కొట్టేసింది. కొత్తదనమంతా పంజరం గొట్టాలను అతికిన తీరులో ఉంది, సీసా ఎప్పుడో ఒకప్పుడు మార్చక తప్పని భాగం, దాన్ని మార్చినంత మాత్రాన కొత్తగా తయారుచేసినట్టు కాదని ధర్మాసనం తేల్చింది. వాడిన వస్తువును బాగుచేసుకునే హక్కు కోసం వాదించేవాళ్లు ఈ తీర్పును తప్పక చదవాలి.

సీసా మార్చకుండా, కడిగి వాడుకునే వాళ్ల సంగతి వేరు. వాళ్లలో ముందు చెప్పుకోవలసింది కెనడాలోని క్యూబెక్, అమెరికాలోని వెర్మాంట్ ప్రాంతాల మేపుల్ రైతులను. చలికాలం చివర, రాత్రి గడ్డకట్టి పగలు కరిగే కొన్ని వారాలు మాత్రమే మేపుల్ చెట్టు తీపి ఊటనిస్తుంది. అందులో చక్కెర రెండు శాతం దగ్గర. నలభై లీటర్ల ఊటను మరిగిస్తే ఒక లీటరు సిరప్. అంటే ఆ కొద్ది వారాల్లో పొయ్యి అందుకోలేనంత ఊట వచ్చిపడుతుంది. దాన్ని ఎక్కడో ఒకచోట నిలవ చేయాలి. స్టెయిన్‌లెస్ స్టీలు తొట్లకు పెట్టుబడి ఎక్కువ కావడంతో, పండ్ల రసమో గ్లూకోజ్ సిరప్పో మోసుకొచ్చిన ఐబీసీలను చిన్న రైతులు కొంటారు. ట్రాక్టరు ట్రైలర్ మీదికెక్కించి అడవిలోంచి ఊట తోలుకొస్తారు. తెల్ల గోడలోంచి లోపల ఎంతుందో బయటికే తెలుస్తుంది. ఆ తెలుపే ముప్పు కూడా. ఎండ తగిలి ఊట వేడెక్కితే బ్యాక్టీరియా పెరుగుతుంది, సిరప్ నల్లబడుతుంది, రుచి చెడుతుంది. అందుకే ట్యాంకును నీడలో ఉంచి, ఖాళీ అయిన ప్రతిసారీ కడిగి పెట్టుకుంటారు.

మన రాయలసీమలో ఊటనిచ్చే చెట్టు ఈత. వంకల వెంబడి పెరిగే ఈత వనాల్లో గీత కార్మికులు దించే ఊటలో చక్కెర మేపుల్ ఊట కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఇక్కడి ఎండకు అది పులియడానికి కొద్ది గంటలు చాలు. కుండ లోపల సున్నం పూసేది ఆ పులుపును ఆపడానికే. కొబ్బరి నీరా (పులియని తాజా ఊట) కోసం కాసరగోడ్‌లోని కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ ఐసుపెట్టెతో కూడిన సేకరణ పరికరాన్ని తయారుచేసిందీ అందుకే. కాబట్టి చల్లదనం లేని ప్లాస్టిక్కు తొట్టిలో నీరాను నిలవ చేయాలనుకోవడం వృథా ప్రయత్నం. వెర్మాంట్ మంచు చేసే సాయం ధర్మవరం ఎండ చేయదు.

మరి ఈ ట్యాంకు ఇక్కడ పనికొచ్చేది దేనికి? మొదటిది నీళ్లకు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గర. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఇప్పుడున్న శ్రీ సత్యసాయి జిల్లా అందులోంచి 2022 ఏప్రిల్‌లో విడివడిందే. యాభై చదరపు మీటర్ల ఇంటికప్పు మీద ఇరవై మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్లు. ఒక్క మంచి వానకు ఒక ట్యాంకు నిండుతుందన్నమాట. ఏడాది మొత్తం లెక్కేస్తే ఆ కప్పు మీద పడేది 27 వేల లీటర్ల పైనే.

రెండోది జీవామృతానికి. ప్రకృతి సేద్యం చేసే రైతులు రెండు వందల లీటర్ల నీలిరంగు డ్రమ్ములో పది కిలోల పేడ, అయిదు నుంచి పది లీటర్ల గోమూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టుమట్టి నీళ్లలో కలిపి, నీడలో రెండు రోజులు మురగబెడతారు. అది ఒక ఎకరానికి. అయిదెకరాలుంటే అయిదు డ్రమ్ములు కలియబెట్టాలి. ఒక ఐబీసీ ఆ అయిదింటి పని చేస్తుంది. ఇబ్బందులూ ఉన్నాయి. మూత వెడల్పు జానెడు కంటే తక్కువైతే కట్టె తిప్పడానికి చాలదు, పైభాగం కోసుకోవాలి. మురిగేటప్పుడు వాయువు పుడుతుంది కాబట్టి మూత ఉంచుకున్నా బిగించకూడదు. పేడ నార కుళాయికి అడ్డం పడుతుంది, వడగట్టకుండా డ్రిప్పులోకి వదిలితే లేటరల్ పైపుల రంధ్రాలు పూడిపోతాయి. ట్యాంకును మీటరు ఎత్తులో పెడితే వచ్చే ఒత్తిడి బారులో పదో వంతే. మామూలు డ్రిప్పుకు అది చాలదు. ఎత్తు పెంచుదామంటే, నిండిన ట్యాంకు టన్ను దాటుతుంది. బండరాళ్ల దిమ్మె గట్టిగా ఉండాలి.

ఇవన్నీ చేతి పనితో తీరే చిక్కులు. చేతి పనితో తీరనిది ఒకటుంది: ఆ ట్యాంకు మొదటి జన్మలో ఏం మోసిందో.

కార్ల తయారీలో వాడే కూలెంట్లు, శుద్ధి రసాయనాలు, అద్దకంలో వాడే ఆమ్లాలు, పురుగుమందులు, వంటనూనెలు, పండ్ల రసాలు అన్నీ ప్రపంచమంతటా అచ్చం ఇలాంటి తొట్లలోనే ప్రయాణిస్తాయి. ఖాళీ అయ్యాక అన్నీ ఒకేలా తెల్లగా కనిపిస్తాయి. హెచ్‌డీపీఈ గట్టిదే కానీ, ద్రావకాలు, నూనె స్వభావం గల రసాయనాలు దాని గోడలోకి ఇంకుతాయి. సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా లోపలికి పోయింది రాదు. తర్వాత పోసిన నీళ్లలోకి నెమ్మదిగా దిగుతుంది. ఇంకకుండా ఉండేందుకు కొన్ని ప్లాస్టిక్కు పాత్రల గోడలకు ఫ్లోరిన్ పూత ఇస్తారు. ఆ పూత నుంచి, ఎంతకాలమైనా విడిపోని పీఫాస్ రసాయనాలు లోపలి ద్రవంలోకి దిగుతున్నాయని 2021లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ దోమల మందు పాత్రల్లో గుర్తించింది. జీవామృతానికైనా ఈ జాగ్రత్త తప్పదు. క్రిమినాశకం మోసిన తొట్టిలో, రైతు పెంచాలనుకున్న సూక్ష్మజీవులే ముందు చస్తాయి.

అందుకే పాత సామాను దుకాణంలో ధర అడిగేముందు, “అన్నా, ఇంతకుముందు దీంట్లో ఏం పోసినారు?” అని అడగాలి. జవాబు నోటిమాటగా కాక కాగితం మీద కావాలి. పంజరానికి బిగించిన రేకు పలక కూడా కొంత చెబుతుంది. దాని మీద 31హెచ్‌ఏ1 అని ఉంటే, అది ప్రమాదకర ద్రవాలు మోయడానికి ఐక్యరాజ్యసమితి నిబంధనల ప్రకారం పరీక్ష నెగ్గిన ట్యాంకు. 31 అంటే ద్రవాలకు, హెచ్ అంటే ప్లాస్టిక్కు, ఏ అంటే ఉక్కు. పక్కనే తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. ప్రమాదకర సరుకుకు ఆ ప్లాస్టిక్కు సీసా ఆయుష్షు అయిదేళ్లే. పలక ఉన్నంత మాత్రాన లోపల విషమే పోశారని కాదు, తినుబండారాల కంపెనీలూ అలాంటివి వాడవచ్చు. గ్లాసు, ఫోర్కు గుర్తు ఉంటే ఆ ప్లాస్టిక్కు ఆహారానికి తగినదిగా తయారైందని అర్థం. మన దేశంలో ఆహారానికి తాకే పాలిథీన్‌కు ఐఎస్ 10146 ప్రమాణం ఉంది. ఏ గుర్తైనా పుట్టినప్పటి సంగతి చెబుతుంది, ఆ తర్వాతి ప్రయాణాలను చెప్పదు. పాత సరుకు చీటీ చింపకుండా అలాగే ఉన్న ట్యాంకుకు నాలుగు డబ్బులు ఎక్కువిచ్చినా నష్టం లేదు.

చట్టం దీన్ని పట్టించుకోలేదనుకుంటే పొరపాటు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమావళి మొదటి షెడ్యూలులో 33.1 పద్దు కింద, విష రసాయనాలు అంటిన ఖాళీ డ్రమ్ములు, పాత్రలు కూడా ప్రమాదకర వ్యర్థాలే. అనుమతి పొందిన కేంద్రాలకే అవి పోవాలి. ఇంటి పెరట్లోకి చేరకూడదు. ఆ నియమం ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోకుండా దుకాణం దాకా రావాలి. మొదటి సరుకు పేరు రాసిన చీటీ లేకుండా ఏ పాత ట్యాంకూ అమ్మకూడదన్న ఒక్క షరతు అమలైతే చాలా ఇళ్లు క్షేమంగా ఉంటాయి.

ఆహార సరుకు మోసిన ట్యాంకునైనా పైపైన కడిగి వాడేయకూడదు. కుళాయిని విప్పాలి. బాల్ వాల్వు అయితే గుండు వెనక సందులో పాత సిరప్ జిగురు దాక్కుంటుంది. రబ్బరు వాషర్లు వాసన పట్టుకుంటాయి, వాటిని కొత్తవి వేయాలి. వేడినీళ్లు, కాస్టిక్ సోడా ద్రావణం, మళ్లీ మంచినీళ్లు, ఆ తర్వాత పూర్తిగా ఆరబెట్టడం. నిలబెట్టాక నల్లటి కవరు కప్పాలి. లేకపోతే వెలుతురుకు లోపల పాచి పడుతుంది, ఎండకు ప్లాస్టిక్కు పెళుసెక్కుతుంది.

ఎంత కాపాడినా కొన్నేళ్లకు సీసా గోడ మీద సన్నటి చీలికలు మొదలవుతాయి. అప్పుడు పంజరం బోల్టులు విప్పితే రెండూ వేరవుతాయి. పంజరం గొర్రెపిల్లల దొడ్డికి అడ్డంగానో పాదు కూరగాయల పందిరిగానో మిగతా కాలం గడుపుతుంది. సీసా ముక్కలై, కరిగి, గుళికలై, ప్యాలెట్లుగానో మురుగునీటి పైపులుగానో మళ్లీ లారీ ఎక్కుతుంది. ఆహారానికి తాకే వస్తువుగా మాత్రం అది మళ్లీ రాకూడదు.