తోటల్లో నిండుగా, కొండల్లో కరువుగా

డిసెంబరు వస్తే అమెరికాలో షార్లెట్, అట్లాంటా వైపు మన తెలుగువాళ్ళలోనూ కొందరు పిల్లల ముచ్చట కోసం ఇంట్లో క్రిస్మస్ చెట్టు పెడుతుంటారు. అక్కడ బజారులో ఎక్కువగా కనిపించేది ఫ్రేజర్ ఫర్. నార్త్ కరోలినా కొండ రైతులు దీన్ని పంటగా వేసి, ఏటా లక్షల్లో నరికి అమ్ముతారు. వైట్ హౌస్‌కు కూడా చాలాసార్లు ఇదే వెళ్ళింది. ఇంత గిరాకీ ఉన్న చెట్టు పుట్టిన అడవిలో మాత్రం అంతరించే ముప్పులో ఉందని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం లెక్క.

ఇంటికి తెచ్చుకుంటే ఓ కొమ్మ తిరగేసి చూడండి. ఆకు సూదిలా కనిపిస్తుంది గానీ గుచ్చుకోదు. బల్లపరుపుగా, అంగుళానికి మించకుండా ఉంటుంది. అడుగున రెండు తెల్లని చారలు కనిపిస్తాయి. అవి ఆకు గాలి పీల్చుకునే రంధ్రాల వరుసలు. లేత బెరడు మీద చిన్న బొబ్బలుంటాయి, గోటితో నొక్కితే ఘాటైన వాసనతో జిగురు చిమ్ముతుంది. కాయల తీరు మరీ విచిత్రం. పైన్ కాయల్లా వేలాడవు, కొమ్మ మీద నిటారుగా నిలబడతాయి. ఊదారంగు పొలుసుల సందుల్లోంచి లేత పసుపుపచ్చ రేకులు బయటికొచ్చి కిందికి ఒంగుతాయి. పండాక కాయ చెట్టు మీదే పొలుసు పొలుసుగా రాలి, మధ్యలో పుల్ల మిగులుతుంది.

దీని సొంత ఊరు దక్షిణ అపలాచియన్ పర్వతాలు. నార్త్ కరోలినా, టెనెసీ, వర్జీనియాల్లో, అదీ చాలావరకు 1,500 మీటర్లు దాటిన శిఖరాల మీదే. మంచుయుగంలో పల్లానికి దిగిన ఈ అడవి, వాతావరణం వేడెక్కేకొద్దీ పైకి ఎక్కుతూ వచ్చింది. ఆ కొండల్లో అన్నిటికంటే ఎత్తయిన మిచెల్ శిఖరమే 2,037 మీటర్లు. ఇంకా వేడెక్కితే ఎక్కడానికి కొండ లేదు.

అసలు దెబ్బ ఒక పురుగు కొట్టింది. ఐరోపా నుంచి 1900 ప్రాంతంలో అమెరికా చేరిన బాల్సమ్ వూలీ అడెల్జిడ్ 1957లో మిచెల్ శిఖరం మీద బయటపడింది. మిల్లీమీటరైనా ఉండదు, ఒంటినిండా తెల్లని నూగు. అక్కడున్నవన్నీ ఆడవే, మగతోడు లేకుండానే గుడ్లు పెడతాయి. ముదురు బెరడు పగుళ్ళలో నోరు గుచ్చి రసం పీలుస్తాయి. వాటి లాలాజలానికి లోపలి కర్ర గట్టిపడి నీటిదారులు మూసుకుపోతాయి. చుట్టూ మబ్బూ వానా ఉన్నా చెట్టు దాహంతో కొన్నేళ్ళకే ఎండిపోతుంది. గ్రేట్ స్మోకీ పర్వతాల్లో పెద్ద చెట్లలో నూటికి తొంభై పైగా ఇలాగే పోయాయి. వాటి నీడ పోయేసరికి, రాళ్ళ మీది తడినాచులో బతికే స్ప్రూస్‌ఫర్ మాస్ సాలీడుకూ గడ్డురోజులొచ్చాయి. దాన్ని 1995లో అమెరికా ప్రభుత్వం ఆపదలో ఉన్న జీవిగా ప్రకటించింది.

లేత చెట్ల నున్నటి బెరడులో పురుగుకు చోటు దొరకదు. అందుకే చచ్చిన మానుల కింద మొక్కలు గుబురుగా లేస్తున్నాయి. అవి ముదిరాక మళ్ళీ దాడి తప్పదు. మందు చెట్టు చెట్టుకూ బెరడు తడిసేలా కొట్టాలి. తోటలో అది సాధ్యమే, అడవిలో కాదు. పురుగును తట్టుకుని మిగిలిన అడవిచెట్ల విత్తనమే ఇప్పుడు అసలు ఆస్తి. తోటలో చెట్టు అందం కోసం ఎంచినది, పదేళ్ళు అటూఇటుగా గొడ్డలికి పోయేది. ఆ లక్షలు చూసి ఫ్రేజర్ ఫర్ క్షేమంగా ఉందనుకుంటే లెక్క తప్పినట్టే.